కమాను పట్టీలు మార్చేటప్పుడు (బుష్‌ల సంగతి ఆఖర్న అనుకున్నాం)

శేఖర్: రికార్డవుతోందా? సరే. అందరికీ నమస్కారం. ఈసారి టాపిక్, ట్రావెల్ ట్రైలర్‌కి, అదే బండి వెనక లాక్కెళ్ళే చక్రాల ఇంటికి, కొత్త కమాను పట్టీలు, అంటే లీఫ్ స్ప్రింగులు, ఎలా ఎంచుకోవాలి అని.

రాజీ: బుష్‌ల జోలికి, అదే బోల్టు చుట్టూ కూర్చునే చిన్న గొట్టాల జోలికి, వెళ్ళవు కదా అన్నా?

శేఖర్: ఆఖర్న. ఐదు నిమిషాలు.

రాజీ: విన్నారుగా, ఐదు నిమిషాలట.

శేఖర్: (నవ్వు) సరే. కొలతలు మొదలుపెడదాం. రెండు చివర్లా కళ్ళున్న, అంటే బోల్టు దూరే గుండ్రటి చుట్టలున్న, పట్టీల గురించే మాట్లాడుతున్నాం, ఒక కొస జారే రకం కాదు. వెడల్పు చాలావాటికి అంగుళం ముప్పావు. పొడవు ఒక కంటి మధ్య నుంచి ఇంకో కంటి మధ్యకి తిన్నగా కొలవాలి. 25¼, 26 అంగుళాలవి ఎక్కువగా కనిపిస్తాయి.

రాజీ: జనం బోల్తా కొట్టేది అక్కడే. కేటలాగులో ఇచ్చేది బరువు లేనప్పటి కొలత. పాత పట్టీ చదునైపోయి ఉంటుంది, చదునయ్యేకొద్దీ కళ్ళు దూరం జరుగుతాయి. మూడంగుళాల వంపున్న 25¼ పట్టీ పూర్తిగా చదునైతే 26 దాటుతుంది, లెక్క వేసుకోండి. టేపు పెట్టి చూసి "నాది 26" అని ఆర్డరు పెట్టేస్తారు.

శేఖర్: వచ్చింది బిగిస్తే షాకిల్, అంటే పట్టీ కొసని పట్టుకుని ఊగే పలకల జత, వాలు తప్పుతుంది. రెండు యాక్సిళ్ళ మధ్య బరువు పంచే మీట ఉంటుందే, ఈక్వలైజర్, అది ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది.

రాజీ: అందుకే మెయిన్ పట్టీ, అదే కళ్ళున్న రేకు, వంపు వెంబడి కూడా ఒకసారి కొలవండి. చదునైనా ఆ పొడవు మారదు. పార్ట్ నంబరు గుద్ది ఉంటే ఇంకా మంచిది, వైరు బ్రష్షుతో తుప్పు గీకి చూడండి.

శేఖర్: ఇక మోత, అంటే ఎంత బరువు మోయగలదో. యాక్సిల్ మీద 3500 పౌండ్లని ఉంటే దాని కింద రెండు పట్టీలు, ఒక్కోటి 1750. సాధారణంగా నాలుగు లీఫులు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన రేకులు, ఉంటాయి. కానీ లీఫులు లెక్కపెట్టి ఆర్డరివ్వకండి. అదే నాలుగు లీఫులు మందంగా ఉంటే మోత వేరు.

రాజీ: తూకం.

శేఖర్: వస్తున్నా.

రాజీ: తూకం చీటీ లేకుండా ఈ మాటలన్నీ గాలిలో మేడలే. ప్రయాణానికి సర్దిన సామానంతా పెట్టి, నీళ్ళ ట్యాంకు నింపి, బండికి తగిలించి వే బ్రిడ్జి ఎక్కించండి. 150 లీటర్ల ట్యాంకంటే 150 కిలోలు, అంటే 330 పౌండ్లు. వీలైతే చక్రం చక్రానికీ విడిగా. వంటగది ఉన్న వైపు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది.

శేఖర్: ఎప్పుడూ అనకు. ట్రైలర్‌ని బట్టి ఉంటుంది.

రాజీ: సరే, చాలావాటిలో. తూచకుండా ఎవరికి తెలుస్తుంది?

శేఖర్: మోత ఒక సైజు పెంచొచ్చా అని అందరూ అడిగేది. పట్టీ పెంచితే యాక్సిల్ మోత పెరగదు, టైరు మోత పెరగదు, పట్టీని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వెల్డింగు గట్టిపడదు. ట్రైలర్ స్టిక్కరు మీద రాసిన బరువు అంకె అలాగే ఉంటుంది. పెరిగేది కుదుపు ఒక్కటే. చక్రం మింగాల్సిన దెబ్బ ఫ్రేముకి పోతుంది, అక్కణ్ణుంచి అల్మారా స్క్రూలకి.

రాజీ: అల్మారా తలుపులకి కూడా!

శేఖర్: అవును, తలుపులకీ. (ఇద్దరూ నవ్వు) తూకం మరీ అంచుకి వస్తే ముందు సామాను దింపండి. ఇంకోటి, ఒక్క పట్టీ విరిగిందని ఒక్కటే మార్చొద్దు. కొత్తదానికి వంపు ఎక్కువ, పాతదానికి తక్కువ, ట్రైలర్ ఒంటిపక్క వాలుతుంది. రెండు యాక్సిళ్ళుంటే నాలుగూ మార్చాలి, బరువు పంచేది ఈక్వలైజర్ కాబట్టి.

రాజీ: ఎంచుకోవడం అయిపోయినట్టేగా? ఇంత తొందరగా ఎందుకో నాకు తెలుసు.

శేఖర్: పట్టీ ఎంత మంచిదైనా దాని కంట్లో ఏం కూర్చుందో చూడకపోతే డబ్బు దండగ. కొత్త పట్టీలు చాలావరకు నైలాన్ బుష్‌లతోనే వస్తాయి. మెత్తగా తెల్లగా ఉంటాయి, వేలితో నొక్కితే కూర్చునేటట్టు.

రాజీ: వేలితో కూర్చోవు.

శేఖర్: మాటవరసకి అన్నా. అది అరిగిపోయాక బోల్టు నేరుగా ఇనుము మీద రుద్దుకుంటుంది. గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఈక్వలైజర్‌లో, షాకిల్ పలకల్లో, హ్యాంగర్‌లో అంతటా అదే. యాక్సిల్ కాస్త వెనక్కి జరుగుతుంది, ట్రైలర్ కొంచెం ఏటవాలుగా నడుస్తుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది. ఓనరు టైరు మార్చుకుంటాడు, కారణం మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే పట్టీలతో పాటే ఇత్తడి రంగు బుష్‌లు, అదే కంచువి, వేసి గ్రీజు బోల్టులు పెట్టాలి.

రాజీ: ఇదిగో, ఇక్కడ నేనొప్పుకోను. గ్రీజు పెట్టేవాడికి కంచు. పెట్టనివాడికి నైలానే నయం, దానికి గ్రీజు అక్కర్లేదు. కంచు బుష్‌కి గ్రీజు లేకపోతే ఎండిపోయి బోల్టుని తినేస్తుంది. ఎంతమంది ఏడాదికి ఒకసారైనా గ్రీజు గన్ను పట్టుకుంటారు చెప్పు?

శేఖర్: పెట్టరని తెలిసి నైలాన్ వేయమంటావా?

రాజీ: ఏడాదికి నాలుగుసార్లు బయటికి తీసే తేలికపాటి ఒంటి యాక్సిల్ ట్రైలర్‌కి నైలాన్ చాలంటాను. రెండు యాక్సిళ్ళు, దూరాలు ఎక్కువ అయితే నీ మాటే. ఆ ట్రైలర్ బరువెంతో తెలిస్తే—

శేఖర్: మళ్ళీ తూకమా!

రాజీ: తూకమే. బరువు లేనిచోట బుష్ ఎందుకు అరుగుతుంది?

శేఖర్: మలుపు తిరిగినప్పుడు అరుగుతుంది. రెండు యాక్సిళ్ళ ట్రైలర్‌ని ఇరుకు చోట రివర్స్ తిప్పి చూడు, షాకిళ్ళు పక్కకి మెలి తిరుగుతుంటాయి. అది బరువు ఒక్కదాని వల్లే అనకు.

(కొంచెం సేపు ఎవరూ మాట్లాడరు)

రాజీ: …సరే. మెలి సంగతి ఒప్పుకుంటా. కానీ గ్రీజు బోల్టు అమర్చేటప్పుడు జనం చేసే పని చెప్పు మరి.

శేఖర్: చెప్తా. బోల్టు లోపల సన్నటి దారి ఉంటుంది, నిపిల్ దగ్గర ఎక్కించిన గ్రీజు మధ్యలో ఒక రంధ్రం నుంచి బయటికి వస్తుంది. ఆ రంధ్రం బరువు ఆనే వైపు పడితే బుష్‌కి నొక్కుకుని మూసుకుపోతుంది, గన్ను ఎంత నొక్కినా ఎక్కదు. కాబట్టి అది పక్కకి చూసేటట్టు పెట్టాలి, గడియారంలో మూడు దగ్గరో తొమ్మిది దగ్గరో. గ్రీజు కొట్టేటప్పుడు ఫ్రేముని జాకీతో లేపి బరువు తీసేస్తే సులువు.

రాజీ: బోల్టు తల కింద పళ్ళున్నాయి చూడు…

శేఖర్: ఆ పళ్ళు! తల కింద ఉన్న ఆ పళ్ళు హ్యాంగర్ రంధ్రంలోకి దిగి కరుచుకోవాలి. చాలామంది తలకి రెంచి వేసి తిప్పేస్తారు. పళ్ళు రంధ్రాన్ని తురిమేస్తాయి, బోల్టు ఇక అక్కడ నిలవదు, తిరుగుతూనే ఉంటుంది. సుత్తితో తట్టి దించాలి, తిప్పేది నట్టునే. కంచు బుష్‌ని మాత్రం సుత్తితో కొట్టకండి, అంచు పువ్వులా విచ్చుకుంటుంది. పొడుగు బోల్టు, రెండు వాషర్లు, నట్టు పెట్టి లోపలికి లాక్కోవాలి.

రాజీ: బిగింపు?

శేఖర్: షాకిల్ బోల్టులు బాగా ఆనాలి, కానీ కదలిక ఉండాలి. పలక బిగుసుకుపోయేంతగా లాగితే పట్టీ వంగినప్పుడల్లా పలకే మెలి తిరుగుతుంది.

రాజీ: రెండు యాక్సిళ్ళకి కళ్ళు ఎనిమిది, ఈక్వలైజర్‌వి వేరే. ఓ శనివారం పూట పని అనుకుంటే కుదరదు.

శేఖర్: ఎవరన్నారు శనివారం అని?

రాజీ: నువ్వే, పోయిన ఎపిసోడ్‌లో.

శేఖర్: (నవ్వు) తీసేయ్ ఆ ముక్క. పట్టీని యాక్సిల్‌కి బిగించే యూ-బోల్టులు రెండు మాటల్లో. పాతవి మళ్ళీ వాడకండి, మర ఒకసారి సాగిపోయాక మళ్ళీ అంత పట్టు ఇవ్వదు. కొత్తవి కొనేటప్పుడు యాక్సిల్ గొట్టం వ్యాసం కొలవండి, 3500 పౌండ్లదానికి సాధారణంగా 2⅜ అంగుళాలు. లీఫులన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీది సీటు రంధ్రంలో కూర్చుందో లేదో చేత్తో తడిమి చూడండి. కూర్చోకపోతే యూ-బోల్టు ఎంత బిగించినా రెండు మూడు ప్రయాణాల్లో వదులవుతుంది. నాలుగు నట్లూ మూలకి మూల వంతులవారీగా.

రాజీ: కొంచెం దూరం లాగాక మళ్ళీ టార్కు, అంటే బిగింపు, చూడాలి. చాలామంది ఆ రెండోసారి చూడరు.

శేఖర్: ఇంకోటి, స్టాండ్లు యాక్సిల్ కింద కాదు, ఫ్రేము కింద. యాక్సిల్‌కి వేరే జాకీ, పట్టీ విప్పగానే అది దొర్లకుండా. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకండి.

రాజీ: అన్నా, ఒక ప్రశ్న వచ్చింది. "షాకిల్ మీద నైలాన్ ఇన్సర్ట్ ఉన్న లాక్ నట్లు విప్పాక మళ్ళీ వాడొచ్చా" అని.

శేఖర్: వద్దు. వేళ్ళతో తిప్పితే మర చివరిదాకా తేలిగ్గా పోయిందంటే లోపలి రింగు పట్టు పోయినట్టే. కొత్తవి.

రాజీ: అదే ప్రశ్నలో ఇంకో భాగం, పట్టీ మధ్యలో క్లిప్పులు వదులైతే కొట్టి మూసేయొచ్చా అని.

శేఖర్: లీఫులు పక్కకి చెదరకుండా పట్టి ఉంచడానికే ఆ క్లిప్పు. కొట్టి మూయొచ్చు, కానీ అది ఎందుకు విచ్చుకుందో ముందు చూడు. కింది లీఫులో చీలిక ఉందేమో…