చెయ్యి ఎట్లా లేస్తుంది

(హనుమకొండలో ఒక పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలోని నా పాత విద్యార్థులకు నమస్కారం. పేర్లు చదవడం మొదలుపెడితే ఒకరి పేరు తప్పకుండా మరిచిపోతాను. ఆ కోపం వచ్చే ఉగాది దాకా ఉంటుంది. అందుకే అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

వెనక వాళ్లకు వినపడుతోందా? వినపడితే చేతులెత్తండి. సంతోషం. మన మైకు తమ్ముడు ఇప్పుడే స్విచ్ వేశాడు. ఇందాక లేచిన చేతులను కాస్త యాదిలో పెట్టుకోండి, మళ్లీ వాటి దగ్గరికే వస్తాను.

నాకిచ్చిన అంశం ‘ప్రజాస్వామ్యంలో చర్చ’. గ్రీకుల దగ్గర్నుంచి మొదలుపెట్టి నాలుగు పేజీలు రాసుకొచ్చాను. అవి జేబులోనే ఉండనీయండి. 2023 ఆగస్టు 24 పొద్దున ఆరున్నరకు నేను చూసిన ఒక తమాషా చెప్తాను. ముందు రోజు సాయంత్రమే చంద్రయాన్ చంద్రుడి మీద దిగింది. ఆ హుషారులో రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి అమెరికాలో ఉన్న మా బిడ్డ ఫోన్: “బాపూ, ఇక్కడ డిబేట్ అయితున్నది, చూడు. మనోళ్లు ఇద్దరున్నరు.” మనోళ్లంటే నిక్కీ హేలీ, వివేక్ రామస్వామి. ఆమె తల్లిదండ్రులది పంజాబు, ఆయన వాళ్లది కేరళ. వరంగల్‌కు ఏం చుట్టరికమని అడగకండి. సముద్రం దాటితే అందరూ మనోళ్లే.

మిల్వాకీ నగరంలో రిపబ్లికన్ పార్టీ వాళ్ల మొదటి చర్చ అది. అధ్యక్ష పదవికి పార్టీ టికెట్ అడుగుతున్నవాళ్లు ఎనిమిది మంది వరుసగా నిలబడ్డారు. నిజం చెప్పాలంటే మొదట నాకు కుళ్లు పుట్టింది. మూడు రోజుల ముందే ఇక్కడ తెలంగాణలో అప్పటి అధికార పార్టీ అసెంబ్లీ ఎన్నికలకు 115 మంది అభ్యర్థుల పేర్లు ఒక్కపూట చదివేసింది. ఇంకో పార్టీ అప్పుడు టికెట్లకు దరఖాస్తులు తీసుకుంటూ ఉండింది, రుసుము 50 వేలు, ఎస్సీ ఎస్టీలకు 25 వేలు. మిమ్మల్నే అడుగుతున్నాను, మీ నియోజకవర్గానికి ఎవరు బాగుంటారని ఏ పార్టీ అయినా ఏనాడైనా మీ గడప తొక్కి అడిగిందా? అడిగితే చేతులెత్తండి. ఒక్కటీ లేవలేదు, మైకు ఆన్‌లోనే ఉంది.

కానీ ఆ కుళ్లు చాయ్ చల్లారే లోపలే పోయింది. ఆ వేదిక ఎక్కాలంటే కనీసం 40 వేల మంది చందా ఇచ్చి ఉండాలి. డగ్ బర్గమ్ అనే గవర్నరు ఏం చేశాడో తెలుసా? ఒక్క డాలరు చందా ఇచ్చినవాళ్లకు 20 డాలర్ల గిఫ్ట్ కార్డు తిరిగి ఇచ్చాడు. నోటిచ్చి ఓటు తీసుకునే విద్య మనమే కనిపెట్టామని ఇన్నాళ్లూ అనుకున్నాను.

సర్వేల్లో అందరికంటే ఎంతో ముందున్న ట్రంప్ మాత్రం రానేలేదు. పెండ్లికొడుకు లేని బరాత్ అన్నమాట.

ఇక చేతుల సంగతి. నేను ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పిన పంతులును. చెయ్యి ఎట్లా లేస్తుందో నాకు తెలుసు. జవాబు తెలిసిన పిల్ల చెయ్యి పంతులును చూస్తూ లేస్తుంది. తెలియని పిల్లవాడు ముందు పక్కవాణ్ని చూస్తాడు, తర్వాత చెయ్యి చెవి దాకా వస్తుంది, అక్కడ కొంచెంసేపు గోక్కుంటుంది, ఆ తర్వాత లేస్తుంది.

చర్చ మొదలైన కాసేపటికి వాతావరణ మార్పు మీద అడిగారు, మనుషులే కారణమని నమ్మేవాళ్లు చేతులెత్తమని. ఫ్లోరిడా గవర్నరు డీశాంటిస్ అడ్డుపడ్డాడు. మేం బడిపిల్లలం కాదు, చర్చ చేద్దాం అన్నాడు. శభాష్ అనుకున్నాను. ఇంకాసేపటికి రెండో ప్రశ్న. ట్రంప్‌కు కోర్టులో శిక్షపడినా పార్టీ అభ్యర్థి ఆయనే అయితే బలపరుస్తారా, చేతులెత్తండి అన్నారు. రామస్వామి చెయ్యి టక్కున లేచింది. డీశాంటిస్ కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు, తర్వాత ఎత్తాడు. బడిపిల్లలం కాదన్నది ఈయనే! మొత్తం ఆరు చేతులు. మిగిలిన ఇద్దరిలో హచిన్సన్ ఎత్తలేదు. క్రిస్టీ వేలు ఊపాడు, చెయ్యో వేలో తెలియకుండా.

తర్వాత సంగతి మీకు తెలుసు. టికెట్ కోసం పార్టీ పెట్టిన చర్చల్లో ఒక్కదానికీ ట్రంప్ రాలేదు. 2024 మేలో న్యూయార్కు జ్యూరీ 34 నేరాల్లో దోషి అన్నది. జులైలో అదే మిల్వాకీలో, అదే హాల్లో, పార్టీ ఆయననే అభ్యర్థిగా ప్రకటించింది. డీశాంటిస్, హేలీ, రామస్వామి అక్కడికే వచ్చి జై కొట్టారు. చెయ్యెత్తిన ఆరుగురిలో, ట్రంప్ దగ్గర ఉపాధ్యక్షుడిగా చేసిన పెన్స్ ఒక్కడే మాట తప్పాడు, బలపరచనన్నాడు. మాట తప్పినందుకు నేను మెచ్చుకున్న నాయకుడు ఆయనొక్కడే.

టైం అయిందని అధ్యక్షులవారు చీటీ పంపారు. ఐదు నిమిషాలు, అంతే. అసలు ఈ చేతుల మీద నాకెందుకింత పట్టింపో చెప్పకుండా దిగలేను.

నేను నర్సంపేట దిక్కు పనిచేసే రోజులు. మా ఉపాధ్యాయ సంఘం మండల శాఖ ఎన్నిక. మా బడిలోనే చేసే తెలుగు సారు నిలబడతానన్నాడు. నాకంటే పెద్దవాడు, నన్ను ‘తమ్మీ’ అనేవాడు. భవన నిధి లెక్కలు అడిగాడని ఆయనంటే సంఘం పైవాళ్లకు గిట్టలేదు. జిల్లా నుంచి వచ్చిన నాయకుడు ఇంకో పేరు చదివి, “అందరికీ సమ్మతమే గదా, చేతులెత్తుండ్రి” అన్నాడు. ముందు రోజు రాత్రి నేనే తెలుగు సారుకు, “నువ్వు నిలబడన్నా, నేనున్నా” అని చెప్పి ఉన్నాను. కుడివైపు చూశాను. ఎడమవైపు చూశాను. నా చెయ్యి చెవి దాకా వచ్చింది. కొంచెంసేపు అక్కడ గోక్కున్నాను. తర్వాత లేచింది. ఆయన ఎవరి మొహమూ చూడలేదు, చేతులే లెక్కపెట్టుకున్నాడు.

సాయంత్రం ఇద్దరం ఒకే బస్సు ఎక్కాం, పక్కపక్క సీట్లు. కండక్టరు వస్తే ఆయనే రెండు టికెట్లు తీశాడు. నేను చిల్లర కోసం జేబులో చెయ్యి పెట్టబోతే ఆపాడు.

“ఉండనీ తమ్మీ, పొద్దుగాల ఎత్తిన చెయ్యి, ఇంకా నొస్తుండొచ్చు.”