హెచ్‌ఓ బండ్లకు ఏ కప్లర్? కేడీ 5, 148 రివ్యూ, బిగించే పద్ధతి

నమస్కారం అండీ. హెచ్‌ఓ స్కేల్ మోడల్ రైళ్లు, అంటే అసలు బండిలో 87వ వంతు సైజువి, నడిపేవాళ్ల కోసం ఈ వీడియో. ఒక పెట్టెని ఇంకో పెట్టెకి తగిలించే కొక్కేన్ని కప్లర్ అంటారు, దాని గురించే ఇవాళ. టేబుల్ మీద రెండు ప్యాకెట్లున్నాయి చూడండి. రెండూ అమెరికన్ కంపెనీ కేడీ కప్లర్లే. ఒకటి నంబర్ 5, రెండోది నంబర్ 148. వాటి పక్కన చిన్న లోహపు ముక్క ఉంది కదా, అది నంబర్ 205 హైట్ గేజ్, కప్లర్ ఎత్తు సరిచూసుకునే సాధనం. నన్నడిగితే ఈ మూడింటిలో ముందు కొనాల్సింది ఆ గేజే. ఎందుకో బిగించేటప్పుడు మీకే తెలుస్తుంది.

పాత అమెరికన్ సెట్లలో హార్న్ హుక్ అనే ప్లాస్టిక్ కొక్కెం వచ్చేది. ముందుకు లాగినంతసేపు పర్వాలేదు. వెనక్కి నెడితే మాత్రం అది వ్యాగన్‌ని పక్కకు తోస్తుంది, వంపులో చక్రం పట్టా దిగుతుంది. పైగా అసలు రైలు మీద అలాంటి కొక్కెం ఎక్కడా కనిపించదు. అసలు రైళ్లకు ఉండేది నకిల్ కప్లర్, వేళ్లు ముడిచిన చెయ్యిలా ఉంటుంది. అమెరికాలో ఎలై జానీ దానికి 1873లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు రెండు పెట్టెల మధ్య మనిషి నిలబడి పిన్ను గుచ్చాల్సి వచ్చేది, ఎందరికో వేళ్లు పోయాయి, ప్రాణాలు పోయాయి. 1893లో అక్కడ చట్టం చేసి ఆటోమేటిక్ కప్లర్‌ని తప్పనిసరి చేశారు. ఈసారి సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్లినప్పుడు ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం పెట్టెల రైలు చివర చూడండి. మనవాళ్లు సీబీసీ, అంటే సెంటర్ బఫర్ కప్లర్, అనేది ఆ నకిల్ కుటుంబందే. పాత ఐసీఎఫ్ పెట్టెలకైతే స్క్రూ కప్లింగ్, రెండు పక్కలా బఫర్లు.

ఆ నకిల్‌ని మోడల్‌లో నిజంగా పనిచేసేలా తెచ్చింది కీత్, డేల్ ఎడ్వర్డ్స్ అనే కవల సోదరులు. వాళ్ల పేర్లలోని కే, డీ కలిసి కేడీ అయింది.

ఇప్పుడు 5వ నంబర్‌ని దగ్గరగా చూద్దాం. కెమెరా కొంచెం కిందికి దించుతున్నాను. ఈ మడతపడే వేలు పక్కన వెంట్రుకంత సన్నటి స్ప్రింగ్ ఉంది, చూశారా? వేలుని మూసి ఉంచేది అదే. ఊడిందంటే గదిలో ఏ మూల పడిందో దొరకదు. అందుకే స్ప్రింగ్ మార్చేటప్పుడు కప్లర్‌ని, చేతుల్ని కలిపి ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి పని చేయండి. తల కింద వంగి ఉన్న ఈ తీగ ట్రిప్ పిన్. చూడ్డానికి బ్రేక్ గొట్టంలా ఉంటుంది, కానీ దాని పని మాగ్నెట్‌తో. 5వ నంబర్‌లో కప్లర్‌ని మధ్యకు తెచ్చేది విడిగా వచ్చే ఈ కంచు రేకు స్ప్రింగ్. వ్యాగన్ చివర కింద కప్లర్ కూర్చునే చిన్న బాక్స్ ఉంటుంది. అందులో ముందు దాన్ని పెట్టాలి, దాని మీద కప్లర్, ఆపైన మూత. మూత పెట్టేలోపు రేకు జరిగిందంటే మళ్లీ మొదటి నుంచి.

148లో ఆ రేకు ఉండదు. కప్లర్ తోకకు, అంటే బాక్స్‌లోకి వెళ్లే వెనక భాగానికి, రెండు పక్కలా పిల్లి మీసాల్లాంటి సన్నటి తీగలున్నాయి, మధ్యకు తెచ్చే పని అవే చేస్తాయి. బాక్స్‌లో వేసి మూత పెడితే అయిపోయింది. తోక పొడవు రెండింటికీ ఒకటే, ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తాయి. అందుకని కొత్తగా కొనేవాళ్లకు నా సలహా 148. 5వ నంబర్ ఇప్పటికే ఇంట్లో ఉంటే తీసి పారేయక్కర్లేదు, దశాబ్దాలుగా పనిచేస్తున్న సరుకు అది.

ఇక బిగించడం. ముందు బాక్స్ లోపల వేలితో తడమండి. అచ్చులో మిగిలిన ప్లాస్టిక్ పొర గరుగ్గా తగిలితే సన్న ఆకురాయితో రెండు సార్లు రుద్దండి. కప్లర్ పెట్టి, మూత వేసి, తలని ఒక పక్కకు నెట్టి వదలండి. దానంతట అది మధ్యకు రావాలి. బద్ధకంగా వస్తే చిటికెడు గ్రాఫైట్ పొడి వేయండి. నూనె మాత్రం వద్దండీ, దుమ్ము పట్టి నెల తిరక్కుండా బిగుసుకుపోతుంది. బాక్స్‌ని బిగించే స్క్రూ అమెరికన్ సైజు 2-56. రంధ్రానికి 50వ నంబర్ డ్రిల్ బిట్, తర్వాత మర కోయడానికి 2-56 ట్యాప్. స్క్రూని చివరిదాకా బిగించేస్తే మూత నొక్కుకుపోయి కప్లర్ కదలదు. తల ఆడుతోందో లేదో చూసుకుంటూ తిప్పండి, అది ఆగే ముందే మీరు ఆగండి.

ఇప్పుడు గేజ్. పట్టాల మీద పెట్టాను, వ్యాగన్‌ని నెమ్మదిగా దాని దగ్గరకు తెస్తున్నాను. చూడండి, మన కప్లర్ గేజ్ కప్లర్ కంటే కాస్త కిందికి ఉంది. మామూలుగా చూస్తే తెలియదు, రెండూ కలుస్తాయి కూడా. కానీ పట్టా ఎక్కడైనా ఎత్తుపల్లంగా ఉంటే నకిల్ జారి బండి రెండు ముక్కలవుతుంది. దాంతో చాలామంది కప్లర్‌ని తిట్టుకుని ఇంకో రకం కొంటారు. చేయాల్సింది బోగీని, అంటే వ్యాగన్ కింద చక్రాలుండే చట్రాన్ని, విప్పి, అది తిరిగే పివట్ దగ్గర సన్నటి ఫైబర్ వాషర్ ఒకటి వేయడం. అంగుళంలో వెయ్యింట పది వంతుల మందం ఉన్నదొకటి, పదిహేను వంతులదొకటి దొరుకుతాయి. వేశాను, ఇప్పుడు చూడండి, రెండు తలలూ సమానంగా వచ్చాయి. తేడా మరీ ఎక్కువగా ఉంటే వాషర్లు పేర్చకండి, వ్యాగన్ ఊగుతుంది. తల ఎత్తుగా ఉండే రకం, కిందికి ఉండే రకం కప్లర్లు విడిగా వస్తాయి, అవి తెచ్చుకోండి. ఒక్కోసారి ఎత్తు సరిగానే ఉన్నా తల ముందుకు వాలుతుంది. అది బాక్స్ వదులుగా ఉందని గుర్తు. తోక కింద పలచటి ప్లాస్టిక్ రేకు ముక్క పెడితే సర్దుకుంటుంది.

గేజ్ కింది భాగం ట్రిప్ పిన్ కోసం. పిన్ దానికి తగులుతుంటే, పాయింట్స్ దగ్గర, అంటే దారి రెండుగా చీలే చోట, పట్టాకి కూడా తగులుతుందన్నమాట. దాన్ని పైకి వంచడానికి 237వ నంబర్ ప్లయర్ ఉంది. మామూలు ప్లయర్‌తోనూ వంచొచ్చు గానీ తలని గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే ఆ బలమంతా బాక్స్ మీద పడుతుంది.

మాగ్నెట్ సంగతి క్లుప్తంగా చెబుతాను. పట్టాల మధ్య మాగ్నెట్ మీద బండి ఆగి, కప్లర్లు వదులయితే పిన్నులు చెరో పక్కకు వెళ్లి నకిల్ తెరుచుకుంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కాకపోతే ఇనుప ఇరుసులున్న వ్యాగన్లు ఆ మాగ్నెట్ వైపు వాటంతటవే జరుగుతాయి. నేను మాగ్నెట్లు వాడను. సన్నటి వెదురు పుల్ల మొన రెండు నకిళ్ల మధ్య పెట్టి తిప్పితే చాలు.

ప్లాస్టిక్ నకిల్ కప్లర్లు వద్దా అంటే, నాలుగైదు వ్యాగన్లకు సరిపోతాయి. పొడుగు రైలు ఎత్తు ఎక్కేటప్పుడు ఆ బరువుకి వేలు సాగి వదిలేస్తుంది. అందుకే నేను ముందు ఇంజిన్‌కీ, దాని వెనకున్న వ్యాగన్లకీ లోహపువి వేస్తాను. కానీ రెండు ఇంజిన్లు కలిపి నడిపేవాళ్లు జాగ్రత్త. వాటి ఫ్రేముల్లో కరెంటు ఉంటే లోహపు కప్లర్ గుండా షార్ట్ అవుతుంది. అక్కడ ప్లాస్టిక్ బాక్స్, నైలాన్ స్క్రూ వాడండి.

యూరప్ బండ్లున్నవాళ్లకు ఇంత పని లేదు. వాటికి ఎన్‌ఈఎమ్ 362 పాకెట్, అంటే కప్లర్ దూర్చడానికి యూరప్ ప్రమాణం ప్రకారం చేసిన గూడు, ఉంటే కేడీ 17, 18, 19, 20 అని నాలుగు పొడవుల్లో దొరుకుతాయి, నొక్కితే దిగిపోతాయి. 17 అన్నిటికన్నా పొట్టిది. మీ లేఅవుట్‌లోని, అంటే మీరు పరిచిన పట్టాల్లోని, అతి బిగువైన వంపులో పెట్టెలు ఒరుసుకోకుండా తిరిగే పొడవు ఏదో చూసి, అందులో పొట్టిది ఎంచుకోండి. అందమే ముఖ్యమనుకుంటే 158 ఉంది, తల చిన్నది, నిజానికి దగ్గరగా ఉంటుంది. తల చిన్నదైనకొద్దీ ఎత్తులో తేడాని తక్కువగా ఓర్చుకుంటుంది కాబట్టి పట్టా బాగా పరిచినవాళ్లకే అది.

ఇంట్లో యాభై వ్యాగన్లుంటే అన్నీ ఒకేసారి మార్చాలని టెన్షన్ పడకండి. ఒక వ్యాగన్‌కి ఒక చివర పాత కొక్కెం ఉంచి, రెండో చివర 148 వేయండి. కొత్తవి ముందు, పాతవి వెనక, మధ్యలో ఆ వ్యాగన్. రైలు ఈరోజే నడుస్తుంది, మిగతావి తీరిగ్గా మార్చుకోవచ్చు.