రక్తంలో గడ్డలు, ప్రొటీన్ సి జన్యువు: ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. రక్తవ్యాధుల డాక్టర్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ భీమవరం నుంచి.

కాలర్: నమస్తే మేడమ్. గుండె వాల్వ్ మార్చారండి, రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ మాత్ర వాడుతున్నాను. గోంగూర పూర్తిగా మానేయమంటున్నారు ఇంట్లో.

డాక్టర్: మానక్కర్లేదు. ఆకుకూరల్లోని విటమిన్ కె మీరు వేసుకునే ఈ మాత్రకు ఎదురు పనిచేస్తుంది. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే రెండుసార్లే తినండి. ఓ వారం మానేసి, ఇంకో వారం రోజూ తింటే ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చెప్పే లెక్క, అటూ ఇటూ అయిపోతుంది. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

వ్యాఖ్యాత: థాంక్యూ అండి. రాజోలు నుంచి అమ్మగారు.

కాలర్: ఆయ్, నమస్కారమండి. మా అబ్బాయికి 31 ఏళ్లండి, హైదరాబాద్‌లో ఉద్యోగం. సంక్రాంతికి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాడు. నాలుగో రోజుకి ఎడమకాలి పిక్క గట్టిపడి వాచిపోయిందండి. బెణికిందనుకుని కాపడం పెట్టాం. తీరా స్కానింగ్‌లో గడ్డ అన్నారు, మాత్రలు మొదలెట్టారు. నెల తర్వాత ఏదో టెస్ట్ చేస్తే ప్రొటీన్ సి 38 శాతమేనంట. పుట్టుకతోనే లోపమన్నారు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదండి. పప్పు సరిగ్గా తినక తగ్గిందేమో అని...

డాక్టర్: అమ్మా, ఇది పప్పులో ప్రొటీన్ కాదు. కాలేయం తయారుచేస్తుంది. గడ్డ కట్టించే ప్రొటీన్లను ఫ్యాక్టర్లంటాం. గడ్డ అవసరానికి మించి పెరగకుండా ఇది ఐదో ఫ్యాక్టర్‌నీ, ఎనిమిదో ఫ్యాక్టర్‌నీ కోసేస్తుంది. బ్రేక్ అన్నమాట. టెస్ట్ రోజుకి అసిట్రోమ్ వేసుకుంటున్నాడా?

కాలర్: ఒక్క పూట కూడా మానలేదండి.

డాక్టర్: అయితే ఆ 38ని చూసి పుట్టుకతో లోపమనడానికి లేదు. గడ్డ కట్టించే 7, 9, 10 ఫ్యాక్టర్లు, గడ్డను ఆపే ప్రొటీన్ సి, అన్నీ ఒకే పాత జన్యువు నుంచి కాపీలై విడిపోయినవి. ఒకే తల్లి బిడ్డలు. అన్నిటికీ విటమిన్ కె కావాలి. అసిట్రోమ్ ఆ దారి మూస్తే బ్రేక్ కూడా తగ్గుతుంది. మాత్ర ఆపి కనీసం రెండు వారాలయ్యాకే ఈ టెస్ట్ చేయాలి. ఎప్పుడు ఆపాలో వాళ్ల డాక్టరే చెప్పాలి. మీరు ఆపకండి.

కాలర్: ఆయ్. మరి పెళ్లి చేయొచ్చాండి?

డాక్టర్: నిక్షేపంగా చేయండి.

వ్యాఖ్యాత: అమ్మా, వేరే వాళ్లు లైన్లో...

కాలర్: ఒక్క మాట బాబూ. పెళ్లి చేయొచ్చా అని ఎందుకడిగానంటే, మా తమ్ముడి కూతురినే అనుకున్నామండి, మేనరికం. శ్రావణంలో ముహూర్తం. తమ్ముడికి కూడా నలభయ్యో ఏట కాల్లో గడ్డ వచ్చిందండి.

డాక్టర్: అమ్మా! అది కదా ముందు చెప్పాలి! ఈ జన్యువు కాపీలు రెండుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి చెడితే బ్రేక్ సగం పనిచేస్తుంది, చాలామందికి ఏమీ కాదు కూడా. మీ పుట్టింట్లో ఆ చెడ్డ కాపీ ఉంటే మీ ద్వారా అబ్బాయికీ, తమ్ముడి ద్వారా అమ్మాయికీ వచ్చి ఉండొచ్చు. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు, బిడ్డకు రెండూ చెడ్డవే రావచ్చు. అలాంటి పసికందుకు పుట్టిన గంటల్లోనో, రోజుల్లోనో ఒళ్లంతా నల్లటి మచ్చలు లేచి ప్రాణం మీదికి వస్తుంది. నేను చూశానమ్మా, అందుకే గొంతు పెరిగింది.

కాలర్: అయ్యో... మానేయాలాండి పెళ్లి?

డాక్టర్: మానేయమనలేదు. ముహూర్తానికి ముందే టెస్టులు చేయించండి. అమ్మాయి మాత్రలేవీ వాడట్లేదు కదా, ఆమెకు ఇప్పుడే చేయొచ్చు. అబ్బాయికి జన్యువునే చదివే పరీక్ష ఉంది, దానికి అసిట్రోమ్ అడ్డం కాదు. తమ్ముడి దగ్గర ఏదీ దాచకండి.

వ్యాఖ్యాత: అమలాపురం నుంచి స్టూడెంట్.

కాలర్: మేడమ్, అవన్నీ ఒకే జన్యువు నుంచి వచ్చాయని ఎలా తెలిసింది?

డాక్టర్: 1985లో ప్రొటీన్ సి జన్యువు డీఎన్ఏ అక్షరక్రమం ప్రచురించారు. సుమారు 11,000 అక్షరాలు. మొత్తం తొమ్మిది ఎక్సాన్లు, అంటే జన్యువులో పనికొచ్చే ముక్కలు, మొదటిదాంట్లో ప్రొటీన్ రాత ఉండదు. మిగతా ఎనిమిదీ ఎక్కడ తెగుతాయో చూస్తే, తొమ్మిదో ఫ్యాక్టర్ జన్యువు కూడా దాదాపు అక్కడక్కడే తెగుతోంది. ఇప్పుడు అది ఎక్స్ క్రోమోజోమ్ మీద, 7, 10 ఫ్యాక్టర్లవి 13 మీద, ప్రొటీన్ సిది 2 మీద ఉన్నాయి. వరదరోజుల్లో గౌతమిలోనూ, వసిష్ఠలోనూ అదే ఎర్రనీరు చూస్తే పైన గోదావరి ఒకటేనని తెలుస్తుంది కదా, అలాగ. మన పులస లాంటి ఎముక చేపల్లోనూ ఈ కుటుంబం ఉంది. అంటే ఈ చీలిక 40 కోట్ల ఏళ్ల కంటే పాతది.

కాలర్: మరి చేపలకి కూడా...

వ్యాఖ్యాత: టైమ్ తక్కువుంది తమ్ముడూ, సారీ. నరసాపురం, చెప్పండి.

కాలర్: నాన్నగారికి నిన్న అసిట్రోమ్ వేయడం మర్చిపోయామండి. ఇవాళ రెండు వేయమంటారా?

డాక్టర్: వద్దు, వద్దు. ఒకటే, రోజూ వేసే టైమ్‌కే. నిన్న తప్పిందని కార్డు మీద రాసి డాక్టర్‌కి చూపించండి. ఆపకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు డాక్టర్ గారు. నమస్కారం.