ఆన్సర్‌కి బాక్స్ వేసే ముందు ప్రశ్నలో చివరి లైన్ చదవండి

[స్క్రీన్ మీద: తెల్ల కాగితం, నీలం పెన్ను, పెన్సిల్. టీచర్ గొంతు వినిపిస్తుంది.]

అందరికీ నమస్తే. బెంగళూరు మారతహళ్లిలో నా దగ్గర లెక్కల ట్యూషన్‌కి వచ్చే మన తెలుగు పిల్లల్లో సీబీఎస్‌ఈ వాళ్లూ ఉన్నారు, కర్ణాటక ఎస్‌ఎస్‌ఎల్‌సీ, అంటే ఇక్కడి స్టేట్ బోర్డు టెన్త్ వాళ్లూ ఉన్నారు. సిలబస్ ఏదైనా సరే, పరీక్షలు దగ్గరపడితే అందరూ ఒకటే అడుగుతారు: "మేడమ్, ఫైనల్ ఆన్సర్‌కి బాక్స్ వెయ్యాలా, అండర్‌లైన్ చేస్తే చాలా?"

రెండిట్లో ఏదైనా పర్వాలేదు. బాక్స్‌కంటూ విడిగా మార్కు ఉండదు. పేపర్ దిద్దేవాళ్ల చేతిలో మార్కింగ్ స్కీమ్ ఉంటుంది, ఏ స్టెప్పుకి ఎంత అని అందులో అర మార్కు దాకా విడగొట్టి రాసి ఉంటుంది. కానీ ఆన్సర్ ఎక్కడుందో వెతుక్కునే పని వాళ్లకి పెట్టకండి. రఫ్ వర్క్ పక్కన, కొట్టేసిన భిన్నం కింద, లైన్ చివర ఇరుక్కుపోయి ఉన్న అంకె మీకు తెలుస్తుంది, ఎందుకంటే రాసింది మీరు. కట్టలకొద్దీ పేపర్లు దిద్దే మనిషికి ఎలా తెలుస్తుంది?

ఇక అసలు విషయం. ఈ లెక్క చూడండి.

[స్క్రీన్ మీద లెక్క.]

బెంగళూరు నుంచి చెన్నైకి 350 కిలోమీటర్లు అనుకుందాం. ఒక బస్సు ఒకే వేగంతో వెళ్లింది. వేగం గంటకు ఇంకో 20 కిలోమీటర్లు ఎక్కువ ఉండుంటే 2 గంటలు ముందే చేరేది. అయితే బస్సుకి పట్టిన సమయం ఎంత?

వేగాన్ని ఎక్స్ అనుకుంటాం. 350 బై ఎక్స్ లోంచి 350 బై ఎక్స్ ప్లస్ 20 తీసేస్తే 2 రావాలి. సరిచేస్తే ఎక్స్ స్క్వేర్ ప్లస్ 20 ఎక్స్ మైనస్ 3500 ఈక్వల్స్ జీరో. ఫ్యాక్టర్లు చేస్తే ఎక్స్ విలువ 50 గానీ మైనస్ 70 గానీ. ఇక్కడిదాకా చాలామంది చక్కగా చేస్తారు, చేసి, హమ్మయ్య అనుకుని ఎక్స్ = 50 చుట్టూ స్కేల్ పెట్టి మరీ బాక్స్ వేసేస్తారు.

[50 చుట్టూ బాక్స్. టీచర్ వేలు ప్రశ్నలో చివరి లైన్ మీదికి వెళ్తుంది.]

ప్రశ్న అడిగింది వేగం కాదమ్మా, సమయం! 350ని 50తో భాగించాలి, 7 గంటలు. కష్టమైన భాగమంతా అయిపోయి, మిగిలింది ఒక్క భాగహారం, అక్కడ మార్కు పోతుంది. పిల్లకి లెక్క రాక పోయిన మార్కైతే మళ్లీ నేర్పించుకుంటాను, కానీ వచ్చిన లెక్కలో ఇలా పోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే మా పిల్లలకి ఒక అలవాటు చేయిస్తున్నాను. బాక్స్ వెయ్యడానికి పెన్సిల్ తీశారా, ముందు ప్రశ్నలో చివరి లైన్ మీద వేలు పెట్టి చదవండి. ఏం అడిగారు? ఏ యూనిట్‌లో అడిగారు? అది చదివాకే ఆన్సర్ చుట్టూ గీత. బాక్స్‌లో ఒట్టి 7 కాదు, "పట్టిన సమయం = 7 గంటలు" అని ఉండాలి. మైనస్ 70ని కొట్టేసి వదిలేయకండి, వేగం నెగెటివ్ కాదు కాబట్టి తీసుకోవట్లేదు అని ఒక లైన్ రాయండి, ఎందుకు వదిలేశారో దిద్దేవాళ్లకి కనిపించాలి కదా.

ఆ లైన్ ముందు మూడు చుక్కలు పెడతాం చూశారా, కాబట్టి అనడానికి? అది స్విట్జర్లాండ్‌కి చెందిన యోహాన్ రాన్ 1659లో అచ్చు వేయించిన ఆల్జీబ్రా పుస్తకంలో వాడిన గుర్తు. ముక్తాయింపు ఇక్కడ మొదలవుతోంది అని చదివేవాళ్లకి చెప్పాలనే ఆరాటం అంత పాతది, నాకు అది భలే ఇష్టం.

నిరూపించమన్న ప్రశ్నలకి మాత్రం బాక్స్ వద్దు. అక్కడ ఆన్సర్ ప్రశ్నలోనే ఇచ్చేశారు, మీరు చూపించాల్సింది దారి. చివర్లో "హెన్స్ ప్రూవ్డ్" అని రాయండి, చాలు. యూక్లిడ్ గ్రీకులో ఇలాంటి ముగింపు మాటే రాసేవాడు, దాన్నే లాటిన్‌లోకి తెచ్చి క్యూఈడీ అన్నారు, తర్వాత పాల్ హాల్మోస్ అనే గణితవేత్త మ్యాగజైన్లలో వ్యాసం అయిపోయిందని పెట్టే చిన్న చతురస్రాన్ని తెచ్చి ప్రూఫ్ చివర పెట్టాడు. మీరు చతురస్రం జోలికి పోవద్దు, రెండు మాటలు రాయండి. అయితే ఒక్క మాట, పైన స్టెప్పు తెగిపోయి ఉంటే ఎంత అందంగా హెన్స్ ప్రూవ్డ్ అని రాసినా అది ప్రూఫ్ అవ్వదు.

గ్రాఫ్ ప్రశ్నలో రెండు గీతలు కలిసిన బిందువుని గ్రాఫ్ మీద గుర్తు పెట్టి ఊరుకోకండి, ఎక్స్ ఎంత, వై ఎంత అని ఆన్సర్ షీట్‌లో కూడా రాయండి. పీయూసీలో, అంటే మన ఇంటర్‌లో, కామర్స్ తీసుకున్న అక్కలూ అన్నయ్యలూ చూస్తుంటే, అకౌంట్స్‌లో టోటల్ కింద వేసే రెండు గీతల సంగతి వేరు, ఆ లెక్క అక్కడితో ముగిసిందని వాటికి ఒక అర్థం ఉంది, అలాగే వెయ్యండి. జేఈఈ మెయిన్‌లో నంబర్ టైప్ చేసే ప్రశ్నలకి ఈ గొడవే లేదు, స్టెప్పులు ఎవరూ చూడరు, ఆన్సర్ ఒక్కటే. అక్కడ చివరి లైన్ చదవకపోతే అర మార్కు కూడా దక్కదు.

రంగుల సంగతి. ఎరుపు, ఆకుపచ్చ పెన్నులు ముట్టుకోవద్దు, అవి దిద్దేవాళ్లవి. ఆన్సర్ నీలం పెన్నుతో, బాక్స్ పెన్సిల్‌తో. స్కేల్ అక్కర్లేదు, చేత్తో గీస్తే చాలు. సీబీఎస్‌ఈ టెన్త్ లెక్కల పేపర్‌లో 80 మార్కులకి 38 ప్రశ్నలు, 3 గంటలు. ప్రతిదానికీ స్కేల్ తీసి పెట్టి, పెట్టి తీసి చేస్తే ఆ టైమ్ ఎక్కణ్ణుంచి తెస్తారు?

ఒకే ప్రశ్నకి రెండుసార్లు ప్రయత్నించి, రెండు చోట్లా బాక్స్ వేసి వదిలేసే పిల్లలున్నారు. ఏది కరెక్టో దిద్దేవాళ్లే తేల్చుకుంటారులే అనే ధీమా మంచిది కాదు. వద్దనుకున్నదాని మీద ఒక్క అడ్డగీత గీసేయండి, గజిబిజిగా పిచ్చిగీతలు అక్కర్లేదు.

చివరి పది నిమిషాలు మిగిలితే లెక్కలన్నీ మళ్లీ చేయాలని చూడకండి, టెన్షన్ పెరుగుతుంది తప్ప పని అవ్వదు. పేజీలు తిప్పుతూ బాక్సులు మాత్రమే చూడండి. పక్కన ప్రశ్న నంబర్ సరిగ్గా ఉందా, వైశాల్యం అడిగితే చదరపు సెంటీమీటర్లు వేశారా, ఘనపరిమాణం అడిగితే ఘనపు సెంటీమీటర్లు వేశారా, వయసో పొడవో అడిగితే మైనస్ వచ్చిందా? ఏదైనా తేడా కనిపిస్తే, ఆ ఒక్క లెక్క దగ్గర ఆగి పైకి చదవండి.