మీ పనిని దిద్దేవాళ్లు ఎవరు?

సభలోని పెద్దలకు, ఈమధ్యే సీఏ పూర్తి చేసిన మీ అందరికీ, మీ వెంట వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

ఫలితాలు వచ్చిన రోజు నుంచి చుట్టాలు, పక్కింటివాళ్లు మిమ్మల్ని అడుగుతున్నది ఒకటే. ఉద్యోగమా, ప్రాక్టీసా? ఉద్యోగమైతే ప్యాకేజీ ఎంత? ఇవాళే ఏదో ఒకటి తేల్చేయాలన్న టెన్షన్ మీ మొహాల్లో కనిపిస్తోంది. నేను మాత్రం మిమ్మల్ని ఇంకో ప్రశ్న అడగడానికి వచ్చాను. మీరు చేరబోయే చోట మీ పనిని వరసబెట్టి చదివి, తప్పు పట్టుకుని, మీ చేతే దిద్దించేవాళ్లు ఎవరైనా ఉన్నారా? మొదటి మూడు నాలుగేళ్లకు ముందు చూసుకోవలసింది ఇదేనని నా గట్టి నమ్మకం. జీతం, ఊరు, కంపెనీ పేరు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇది ఇప్పుడు మరీ అవసరం. 2023లో వచ్చిన కొత్త స్కీమ్‌తో ఆర్టికల్‌షిప్, అంటే సీఏ చదువులో భాగంగా చేసే ఆఫీసు శిక్షణ, మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. రెండేళ్లలో చూసేది రెండు ఆడిట్ సీజన్లు. మొదటి సీజన్ వోచర్లు తిరగేయడంలో, రిటర్నులు అప్‌లోడ్ చేయడంలో గడిచిపోతుంది. రెండో సీజన్లో అసలు పని కాస్త అర్థమవుతుండగానే ఫైనల్ పరీక్ష నెత్తి మీద ఉంటుంది. పరీక్ష పాసవడం పెద్ద విషయమే, మీరు పడిన కష్టం నాకు తెలుసు. కానీ పరీక్ష మిమ్మల్ని అడిగినవన్నీ అప్పటికే సమస్యగా తయారై పేపరు మీదకొచ్చిన ప్రశ్నలు. పనిలో అసలు ఇక్కడొక సమస్య ఉందని పసిగట్టాల్సింది మీరే.

మన ఊరి లెక్కల్లోంచే ఒక ఉదాహరణ చెబుతాను. విశాఖ నుంచి రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ ఉందనుకోండి. మార్చి 28న కంటైనరు ఫ్యాక్టరీ గేటు దాటి పోర్టుకి వెళ్లింది. అదే రోజు ఇన్వాయిస్ కొట్టారు, అమ్మకం పుస్తకాల్లోకి ఎక్కింది. సరుకు ఓడ మీదకి ఎక్కింది మాత్రం ఏప్రిల్ 2న. అమ్మకం ఎఫ్‌ఓబీ షరతు మీద జరిగింది, అంటే సరుకు ఓడ మీదకి ఎక్కాకే దాని బాధ్యత కొన్నవాడిది అవుతుంది. ఇది ఏ సంవత్సరం అమ్మకం? ఇలా వివరించి అడిగితే మీలో ప్రతి ఒక్కరూ సరైన జవాబు చెబుతారు. కానీ ఆడిట్‌కి వెళ్లిన కుర్రాడి చేతికి ఇచ్చేది ఇన్వాయిస్ ఫైలు. ఇన్వాయిస్ ఉంది, ఈ-వే బిల్లు ఉంది, గేట్ పాస్ ఉంది, అన్నింటిలో మార్చి తేదీలే. టిక్కు పెట్టేసి తర్వాతి దానికి వెళ్లిపోతాడు. సాయంత్రం ఒక సీనియర్ ఆ కాగితాలు చూసి, "బిల్ ఆఫ్ లేడింగ్, అదే ఓడవాళ్లు సరుకు ఎక్కించుకున్నామని ఇచ్చే రసీదు, ఏది? సరుకు ఓడ ఎక్కిన తేదీ ఎంత?" అని అడిగితేనే ఆ ఒక్క కంటైనరు వల్ల అమ్మకం, లాభం, స్టాకు, పన్ను నాలుగూ ఎలా మారతాయో బుర్రకెక్కుతుంది. ఒకసారి అలా దొరికిపోయినవాడు జీవితాంతం మార్చి నెలాఖరు ఇన్వాయిస్‌ని అనుమానంగానే చూస్తాడు. అడిగేవాళ్లే లేని చోట అదే టిక్కు పదేళ్లు పెట్టుకుంటూ పోతాడు. దాన్ని అనుభవం అంటారు గానీ, నేను అనను.

ఇంకోటి, తెలుగువాళ్లం ఎవరమూ మరిచిపోకూడనిది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. తర్వాత 2013 కంపెనీల చట్టం వచ్చింది. ఆ చట్టం కిందే 2018లో ఆడిటర్ల పనిని పర్యవేక్షించే ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ అనే సంస్థ ఏర్పడింది. ఆడిటర్ల మీద నిఘా పెరిగింది. అవన్నీ మీరు చదువుకున్నవే. నేను చెప్పేది ఇంకాస్త చిన్న విషయం. బ్యాంకు నిల్వ నిజమో కాదో తెలుసుకోవడానికి బ్యాంకుకే నేరుగా రాసి, జవాబు నేరుగా ఆడిటర్‌కే వచ్చేలా చూసుకోవాలి. ఈ పని ఆడిట్ టీములో ఎవరికి అప్పజెబుతారు? అందరికన్నా చిన్నవాళ్లకి. "ఏం పర్వాలేదు, మేం తెప్పించి ఇస్తాం" అని క్లయింటు ఆఫీసులో ఎంతో ఆప్యాయంగా అంటారు. అప్పుడు "వద్దండీ, బ్యాంకు మాకే పంపాలి" అనగలగాలంటే, మీ వెనకాల "జవాబు ఎవరి చేతి మీదుగా వచ్చింది?" అని అడిగే మనిషి ఒకరు ఉండాలి. చిన్న పనిని కూడా అడిగి చూసే ఆఫీసుకి వెళ్లండి.

సరే, అలాంటి చోటు ఎక్కడుంటుంది? పెద్ద ఆడిట్ సంస్థల్లో రివ్యూ పద్ధతి పకడ్బందీగా ఉంటుంది, ఒకరి మీద ఒకరు చూస్తారు. అక్కడ రెండు మూడేళ్లు చేయడం మంచిదే. హైదరాబాద్, బెంగళూరులలో విదేశీ కంపెనీలు పెట్టుకున్న ఫైనాన్స్ సెంటర్ల గురించి మాత్రం కాస్త ఆగి ఆలోచించమంటాను. జీతాలు బాగుంటాయి, ఆఫీసు బాగుంటుంది, ఇంట్లో అప్పు ఉన్నవాళ్లకి అది నిజమైన ఆసరా. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి వచ్చి, స్టైపెండ్ చాలక ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుంటూ చదివినవాళ్లు మీలో ఎందరో ఉన్నారు. ఇంటి కోసం జీతం చూసుకోవడంలో తప్పు ఏ మాత్రమూ లేదు. కాకపోతే కొన్ని సెంటర్లలో మీకు ఒకే లెడ్జర్, ఒకే రికన్సిలియేషన్ (రెండు లెక్కలు సరిపోల్చే పని) అప్పజెబుతారు. ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో, ఎక్కడ లాభం వస్తుందో మీకు తెలిసే అవకాశమే ఉండదు. అందుకని ఇంటర్వ్యూలో "మీరేమైనా అడగాలా?" అన్నప్పుడు మొహమాటపడకండి. నా పని ఎవరు చూస్తారు, రెండేళ్లలో ఏయే విభాగాలకు మారుస్తారు, ఇంతకుముందు ఈ సీట్లో ఉన్నవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబులోనే సగం సంగతి తెలిసిపోతుంది.

మన ఊరిని తక్కువ చేసి చూడకండి అని కూడా చెప్పాలి. సీఏ పాసవగానే రైలెక్కాలన్నది మనకి అలవాటైపోయింది. ఇక్కడ స్టీల్ ప్లాంట్ ఉంది, రిఫైనరీ ఉంది, షిప్‌యార్డ్ ఉంది, 1933 నుంచి నడుస్తున్న పోర్టు ఉంది, పరవాడలో ఫార్మా కంపెనీలు, దువ్వాడలో ఎస్ఈజెడ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) ఉన్నాయి. ఫ్యాక్టరీలో పనిచేసే అకౌంటెంటుకి సరుకు కళ్లెదుట ఉంటుంది. యార్డులో బొగ్గు గుట్ట ఎన్ని టన్నులో కొలిచి లెక్కగట్టేటప్పుడు పక్కన నిలబడినవాడికి, బ్యాలెన్స్ షీటులో స్టాకు అంకె ఎంత అంచనా మీద నిలబడి ఉందో తెలుస్తుంది. ఫార్మాలో ఒక బ్యాచ్ పాడైతే దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో ప్రొడక్షన్ మేనేజరుతో వాదించి తేల్చుకోవాలి. ఆ వాదనలో మీరు చెప్పింది తప్పైతే ఆయన అక్కడికక్కడే చెప్పేస్తాడు. అదీ దిద్దడమే.

ఇక ప్రాక్టీసు. నేను ఎంచుకున్న దారి ఇది, ఇష్టంగా చేస్తున్నాను. కానీ పాసైన మర్నాడే బోర్డు పెట్టుకోండని చెప్పలేను. మొదట సీఓపీ, అంటే ప్రాక్టీసు చేసుకోవడానికి ఇచ్చే సర్టిఫికెట్, గురించి ఒక మాట. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ సీఓపీ తీసుకుని పక్కన ఆడిట్ల మీద సంతకాలు పెట్టుకుందామని కొందరు అనుకుంటారు. అది కుదరదు. పార్ట్‌టైమ్ సీఓపీతో ఆడిట్ చేసి ధ్రువీకరించే పనులు చేయకూడదు, ఆర్టికల్స్‌ని, అంటే శిక్షణకు వచ్చే విద్యార్థులని, తీసుకోనూ కూడదు.

రెండోది, చట్టం ఇచ్చిన పని మీదే ఇల్లు నడపాలనుకోవడం. జీఎస్టీ 2017 జులైలో వచ్చింది. వార్షిక లెక్కల సమన్వయ పత్రాన్ని సీఏ ధ్రువీకరించాలన్నారు. ఆ పనిని నమ్ముకుని ఆఫీసులు పెంచుకున్నవాళ్లు మన డాబాగార్డెన్స్‌లో, ద్వారకానగర్‌లో కూడా ఉన్నారు. 2021లో చట్టం మార్చి, వ్యాపారే సొంతంగా ధ్రువీకరించుకోవచ్చన్నారు. ట్యాక్స్ ఆడిట్ సంగతీ చూడండి. ఏడాది అమ్మకాలు ఇంత దాటితే ఆడిట్ తప్పనిసరి అనే పరిమితి వ్యాపారులకు కోటి రూపాయలు ఉండేది. నగదు లావాదేవీలు 5 శాతం లోపే ఉన్నవాళ్లకు 2020లో 5 కోట్లకు, 2021లో 10 కోట్లకు పెంచారు. వ్యాపారులకు అది మంచిదే, ఆ పనినే నమ్ముకున్న సీఏకి మాత్రం పని తగ్గినట్టే. బ్యాంక్ బ్రాంచ్ ఆడిట్లూ అంతే, మన ఆంధ్రా బ్యాంకే 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

మరి ప్రాక్టీసులో నిలిచేది ఏది? గాజువాక ఆటోనగర్‌లో ఫాబ్రికేషన్ షెడ్డు నడిపే ఒక యజమానిని తీసుకోండి. పెద్ద కంపెనీకి సరుకు ఇచ్చి డబ్బు కోసం నెలల తరబడి తిరుగుతుంటాడు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే, కొన్న కంపెనీకి ఆ ఖర్చు డబ్బు కట్టిన సంవత్సరంలోనే మినహాయింపుగా దొరుకుతుంది. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఉన్న నిబంధన ఇది. చిన్న పరిశ్రమగా గుర్తింపునిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించి, ఇన్వాయిస్ మీద ఆ నంబరు వేయించి, ఎదుటి కంపెనీకి మర్యాదగా ఒక ఉత్తరం రాసిచ్చే సీఏ కావాలి ఆయనకి. ఆయన డబ్బు ఆయనకి త్వరగా వచ్చేలా చేసినవాళ్లని వదులుకోడు. ఇది చేయాలంటే వ్యాపారం లోపలి నుంచి తెలిసి ఉండాలి. అందుకే ఎక్కడో ఒకచోట నాలుగేళ్లు దిద్దించుకుని రమ్మంటున్నాను. వచ్చేటప్పుడు కనీసం ఏడాదిన్నర ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకోండి. ఫీజు బాకీలు ఎలా ఉంటాయో ముందున్న పెద్దలందరికీ తెలుసు.

ఇక్కడున్న ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక విన్నపం. "మా అమ్మాయి ఇంట్లో కూర్చుని రిటర్నులు వేసుకుంటే చాలు" అనే మాట నేను తరచూ వింటున్నాను. దయచేసి అలా అనకండి. అబ్బాయి రాసిన పరీక్షే ఆమె రాసింది. స్టాకు లెక్కకి ఫ్యాక్టరీకి వెళ్లడం, క్లయింటుతో కూర్చుని వాదించడం ఈ తొలి ఏళ్లలోనే నేర్చుకోవాలి. ఆ ఏళ్లు ఇంట్లో గడిచిపోతే తర్వాత ఎంత తెలివి ఉన్నా ఆ ధైర్యం తెచ్చుకోవడం కష్టమవుతుంది.

క్యాంపస్‌లో ఆఫర్ రానివాళ్లు కూడా ఈ హాల్లో ఉన్నారు. ఏ ఉద్యోగమైనా సరే అని తొందరపడి చేరకండి. ఈ ఊళ్లో మంచి పేరున్న మధ్యస్థాయి ఆడిట్ సంస్థలకి నేరుగా వెళ్లి పార్టనర్లను కలవండి. మీరు ఆర్టికల్‌షిప్‌లో చేసిన పనిలో ఒకటి, పూర్తిగా మీదే అయినది, పేర్లూ వివరాలూ లేకుండా రెండు పేజీల్లో రాసి పట్టుకెళ్లండి. ఏం చూశారు, ఏ అనుమానం వచ్చింది, ఎలా తేల్చారు అన్నది అందులో ఉండాలి. అది చదివి మీ ఎదుటే పెన్ను తీసి దిద్దడం మొదలుపెట్టిన పార్టనర్ దొరికితే, జీతం కాస్త తక్కువైనా అక్కడే చేరిపోండి.