చెవులపిల్లులు తగ్గాయా, కనపడటం తగ్గిందా?

(నెల్లూరు, ప్రకాశం జిల్లాల శ్రోతలతో జరిగిన ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. అతిథి అటవీ శాఖలో రేంజ్ ఆఫీసర్‌గా పనిచేసి రిటైరయ్యారు.)

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఈ వారం చెవులపిల్లుల గురించి, అంటే మన బీళ్లలో తిరిగే అడవి కుందేళ్ల గురించి మాట్లాడుకుందాం అని చెప్పినప్పటి నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. నేరుగా మొదటి కాల్ తీసుకుందాం. హలో, ఎక్కడి నుంచండీ?

శ్రోత: నమస్తే అమ్మా. మాది కనిగిరి దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచి వేటకు పోయినవాణ్ణి, ఇప్పుడు మానేశాను. సార్‌ని ఒకటే అడగాలి. మా వయసులో రాత్రిపూట చేలల్లో లైటు వేస్తే అక్కడక్కడా ఎర్రగా కళ్లు మెరిసేవి. ఇప్పుడు ఊరి చుట్టూ తిరిగినా ఒకటి కనపడితే గొప్ప. నక్కలు తినేశాయి అంటున్నారు కుర్రాళ్లు. నిజమేనా?

అతిథి: నమస్తే పెద్దాయనా. నక్క తింటుంది, అడవిపిల్లి తింటుంది, పెద్ద గుడ్లగూబ దాని పిల్లల్ని ఎత్తుకుపోతుంది. అది ఎప్పటినుంచో ఉన్నదే. మీ చిన్నప్పుడు పొలిమేరలో నక్కల కూత వినపడేది కదా, ఇప్పుడు వినపడుతోందా?

శ్రోత: లేదు సార్. విని ఎన్నేళ్లయిందో.

అతిథి: మరి అవీ తగ్గాయిగా. ఆ నేరం నక్క మీద వేయడం న్యాయం కాదు. మీ ఊరి బీడు ఏమైంది?

శ్రోత: సగం జామాయిల్ వేశారు. రోడ్డు పక్కది ప్లాట్లు వేశారు.

అతిథి: అసలు కారణం అక్కడుంది. చెవులపిల్లి బొరియ తవ్వుకోదు. గడ్డి దుబ్బు పక్కనో, చిన్న పొద కిందో నేలను ఒళ్లుపట్టేంత పల్లంగా చేసుకుని, పగలంతా అందులో కదలకుండా పడుకుంటుంది. పొద్దుగూకాక మేతకు లేస్తుంది. అంటే దాక్కునే చోటు, దాని పక్కనే లేత గడ్డి, రెండూ కావాలి. పాత బీళ్లు, డొంకలు, వెడల్పాటి చేలగట్లు ఈ రెండూ ఇచ్చాయి. జామాయిల్ మొక్క చిన్నగా ఉన్నప్పుడు మధ్యలో గడ్డి ఉంటుంది కాబట్టి కొన్నాళ్లు నిలబడతాయి. చెట్లు ఎదిగి, వరసల మధ్య దున్నేస్తే ఇక అక్కడ వాటికి పనిలేదు. చిల్లకంప, అదే సర్కారు తుమ్మ, దాక్కోడానికి బాగానే పనికొస్తుంది, కానీ మరీ దట్టంగా అల్లుకుంటే కింద గడ్డి మొలవదు. ట్రాక్టర్ తిరగడానికి గట్లు చెరిపేశాం, డొంకలు కలిపేసుకున్నాం. ఇవన్నీ చేసి జంతువు ఎక్కడికి పోయిందని అడుగుతున్నాం.

శ్రోత: మరి వేట వల్ల తగ్గలేదంటారా?

అతిథి: అలా అనడం లేదు. మీరు కాలినడకన పోయేవారు, అలిసిపోతే ఇంటికొచ్చేవారు. ఇప్పుడు బైకు మీద ఇద్దరు కూర్చుని, ఎల్ఈడీ లైటు పట్టుకుని ఒక్క రాత్రిలో నాలుగు ఊళ్ల బీళ్లు చుట్టేస్తున్నారు. లైటు పడితే చెవులపిల్లి నిలబడిపోతుంది. దానికి తప్పించుకునే దారే లేదు. పైగా ఊరి కుక్కలు. బీడు చిన్నదైపోయాక ఉన్న కొద్దిపాటి వాటికి ఇవన్నీ మోయలేని భారం. వేటగాడి లెక్కలో ఇంకో చిక్కుంది, అది నిజాన్ని దాచేస్తుంది. వేటకు వెళ్లేవాడు జంతువు ఉన్న చోటికే వెళ్తాడు. ఒక బీడు ఖాళీ అయితే ఇంకో బీడుకు పోతాడు. అందుకని ప్రతి ఏడూ దొరుకుతున్నట్టే ఉంటుంది, తగ్గినట్టు తెలియదు. చివరి బీడు కూడా అయిపోయాక ఒక్కసారిగా మాయమైనట్టు అనిపిస్తుంది. మాయం కాలేదు, చాలాకాలంగా తగ్గుతూ వచ్చింది.

శ్రోత: ఆ మాట నిజం సార్. మేమూ అలాగే చోట్లు మార్చుకుంటూ పోయాం.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు పెద్దాయనా. తర్వాతి కాల్ ఉదయగిరి వైపు నుంచి. చెప్పండి.

శ్రోత: సార్, మా దగ్గర తగ్గలేదు. ఎండాకాలంలో రాత్రి బైకు మీద వస్తుంటే రోడ్డు పక్కనే కనపడుతున్నాయి. ఎక్కువయ్యాయేమో అనుకుంటున్నాం.

అతిథి: మీకు వెలిగొండ కొండల కింద ఇంకా తుప్పలు మిగిలాయి కాబట్టి మీ వైపు మెరుగ్గానే ఉండొచ్చు, సంతోషం. కానీ ఎండాకాలంలో కనపడినవి చూసి లెక్క వేయకండి. కోతలయ్యాయి, గడ్డి ఎండిపోయింది, దాగుడు లేదు. పచ్చగా ఉన్నది రోడ్డు వారనే, అందుకే అక్కడికి వస్తాయి. వానలు పడి గడ్డి మోకాలెత్తు లేస్తే అవే జంతువులు పక్కనే ఉన్నా మీకు కనపడవు. నిజంగా తెలుసుకోవాలంటే ఒకే దారి, ఒకే వేళ, ఒకే నెల. ఈ ఏడు మాఘమాసంలో అమావాస్య దగ్గర నడిచి చూస్తే, వచ్చే ఏడూ అప్పుడే, అంతే దూరం నడవండి. ఏమీ కనపడని రాత్రి కూడా రాసిపెట్టుకోండి. సున్నా కూడా లెక్కే, దాన్ని వదిలేస్తేనే అందరం మోసపోతాం.

శ్రోత: లైటు లేకుండా తెలుసుకునే మార్గం ఉందా సార్?

అతిథి: ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. పెంటికలు చూడండి. మేక పెంటిక నల్లగా, నున్నగా, కాస్త పొడుగ్గా ఉంటుంది. చెవులపిల్లిది గుండ్రంగా, కొంచెం నొక్కినట్టుగా ఉంటుంది. ఎండితే గడ్డి రంగుకు వస్తుంది, చిదిమితే పీచు కనపడుతుంది. బీడులో నాలుగైదు చోట్ల మంచమంత జాగా గుర్తు పెట్టుకుని, ఉన్న పెంటికలన్నీ ఏరేయండి. నెల తర్వాత వచ్చి కొత్తవి లెక్కపెట్టండి. ప్రతి ఏడూ అదే కాలంలో చేస్తే పెరిగాయో తగ్గాయో తెలిసిపోతుంది. ఒక్క ప్రాణాన్నీ ముట్టుకోనక్కర్లేదు.

వ్యాఖ్యాత: వేరే దేశాల్లో వేటగాళ్లే లెక్కలు రాసిస్తారని విన్నాను సార్.

అతిథి: బ్రిటన్‌లో ఆ పద్ధతుంది. అక్కడ వేట చట్టబద్ధం. ఎస్టేట్లు ఏ ఏడు ఎన్ని కొట్టారో రాసిచ్చే లెక్క 1961 నుంచి నడుస్తోంది. 1953లో అక్కడికి మిక్సమటోసిస్ అనే జబ్బు వచ్చి కుందేళ్లను తుడిచిపెట్టింది. అలాంటి పెద్ద దెబ్బ మళ్లీ తగిలితే ఆ లెక్కల్లో తెలుస్తుంది. అయినా కొట్టినవి తగ్గితే జంతువే తగ్గిందా, వేటకు వెళ్లేవాళ్లు తగ్గారా అన్న ప్రశ్న వాళ్లకూ ఉంటుంది. మన దగ్గర ఆ దారి కుదరదు. మనకు చంపకుండా లెక్కపెట్టడమే మార్గం.

వ్యాఖ్యాత: రాపూరు దగ్గరి నుంచి ఒక పెద్దాయన లైన్లో ఉన్నారు.

శ్రోత: అయ్యా, మేము యానాదులం. మా తాతల నాటి నుంచి ఉచ్చులు పెట్టి బతికినవాళ్లం. అడవి హక్కుల చట్టం వచ్చింది కదా, చెవులపిల్లిని పట్టుకోవచ్చు అని ఒకాయన చెప్పాడు. నిజమేనా?

అతిథి: అయ్యా, మిమ్మల్ని ఇబ్బందిలో పడేసే మాట అది. 2006 చట్టం అడవి మీద ఆధారపడ్డవాళ్లకు చాలా హక్కులు ఇచ్చింది. తేనె, చిన్నతరహా ఫలసాయం, సాగు చేసుకుంటున్న భూమి, ఇవన్నీ అడగండి, గట్టిగా అడగండి. కానీ వేటను, ఉచ్చు పెట్టడాన్ని ఆ చట్టం విడిగా పేర్కొని మినహాయించింది. 1972 వన్యప్రాణి చట్టం కింద చెవులపిల్లిని చంపడం నేరం. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక దాన్ని రెండో షెడ్యూల్‌లో, అంటే రక్షిత జంతువుల రెండో జాబితాలో పెట్టారు. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉండొచ్చు. ఇంకోటి, ఉచ్చుకు కళ్లు లేవు. చెవులపిల్లికి పెట్టినదాంట్లో ఉడుమో, అలుగో పడితే అవి ఇంకా గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్‌లోవి, శిక్ష మూడేళ్ల నుంచే మొదలవుతుంది. పట్టణం నుంచి కారులో వచ్చి కొట్టి వెళ్లేవాడు తప్పించుకుంటాడు, కేసు మీ మీద పడుతుంది. నా ఉద్యోగంలో నన్ను బాగా బాధపెట్టింది ఇదే. జాడ చూసి జంతువు ఎటు పోయిందో, ఎప్పుడు పోయిందో చెప్పే విద్య మీది. లెక్కింపుల్లో మీకు కూలి ఇచ్చి పని ఇవ్వాలని నేను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

వ్యాఖ్యాత: దర్శి నుంచి ఒక రైతు.

శ్రోత: సార్, అందరూ తగ్గాయంటున్నారు, నా శనగ చేలో మాత్రం మొలకలు కొరికేస్తున్నాయి. మామిడి అంట్ల బెరడు కూడా వదల్లేదు. కరెంటు తీగ లాగమంటున్నారు.

అతిథి: దయచేసి ఆ పని చేయకండి. ఆ తీగ తగిలి మనుషులే పోతున్నారు. నీళ్లు పెట్టడానికి రాత్రి వెళ్లేది మీరో, మీ అబ్బాయో. చెవులపిల్లి నష్టం మొక్క లేతగా ఉన్న మొదటి రెండు మూడు వారాల్లోనే ఎక్కువ. ఆ కొన్నాళ్లూ పొద ఉన్న వైపున పాత చీరలు గానీ, వల గానీ అడుగు భాగం నేలకు ఆనేట్టు కట్టండి, కింద సందు ఉంటే దూరుతుంది. మామిడి అంట్ల మొదళ్లకు రెండడుగుల ఎత్తున ఇనప జాలీ చుట్టండి, గోనె పట్టా అయినా సరే. గట్టు మీద గడ్డి మొత్తం చెక్కేయకండి. బయట మేత లేకపోతే మీ చేలోకే వస్తుంది.

వ్యాఖ్యాత: ఒంగోలు నుంచి చిన్న ప్రశ్న. పెంచుకుంటున్న తెల్ల కుందేళ్లను బీడులో వదిలితే సంఖ్య పెరుగుతుందా అని అడుగుతున్నారు.

అతిథి: పెరగదు. అది వేరే జాతి, రెండూ కలిసి పిల్లల్ని పెట్టవు. వదిలిన రోజే కుక్కల పాలవుతుంది. జబ్బుల భయం కూడా ఉంది. 1984లో చైనాలో పెంపుడు కుందేళ్లలో మొదలైన రక్తస్రావ జబ్బు దేశదేశాలకూ పాకింది. వదలకండి.

వ్యాఖ్యాత: చివరి కాల్. చెప్పమ్మా.

శ్రోత: ఆత్మకూరు దగ్గర నుంచి సార్. ఈ ఉదయం పెసర చేలో కలుపు తీస్తుంటే రెండు పిల్లలు దొరికాయి. తల్లి లేదు. ఇంటికి తెచ్చి పాలు పడుతున్నాం, తాగడం లేదు.

అతిథి: ఒంటి నిండా బొచ్చు ఉందా అమ్మా, కళ్లు తెరిచాయా?

శ్రోత: తెరిచాయి సార్. చురుగ్గానే ఉన్నాయి.

అతిథి: అయితే అవి అనాథలు కావు. చెవులపిల్లి పిల్లలు పుట్టడమే బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. తల్లి పగలు దగ్గరుండదు, శత్రువుకు జాడ తెలియకూడదని దూరంగా ఉంటుంది. చీకటి పడ్డాక వచ్చి పాలిచ్చి వెళ్తుంది. ఆవు పాలు పట్టకండి, కడుపు చెడి చనిపోతాయి. మనిషి వాసన తగిలితే తల్లి రాదేమోనని టెన్షన్ పడకండి. ఇప్పుడు టైమెంతైంది?

వ్యాఖ్యాత: అయిదు దాటింది సార్.

అతిథి: చాలు, సమయం ఉంది. పొద్దుగూకక ముందే తీసుకెళ్లి ఎక్కడ దొరికాయో సరిగ్గా అక్కడే పెట్టండమ్మా. కుక్కను ఇంట్లో కట్టేయండి, మీరు కూడా అక్కడ నిలబడి చూడకండి. ఆ మూల కలుపు రెండు వారాలు ఆపండి. రేపు తెల్లారి దూరం నుంచే చూసి, పిల్లలు నీరసంగా కనపడితేనే అటవీ శాఖ సెక్షన్ ఆఫీసుకు ఫోన్ చేయండి.

శ్రోత: సరే సార్, ఇప్పుడే మా ఆయన్ని పంపిస్తాను.