పాహోమ్ కథలో తప్పు ఎవరిది? స్టూడియో చర్చ

సమన్వయకర్త: నమస్కారం. రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ 1886లో రాసిన ‘మనిషికెంత భూమి కావాలి’ కథను ఇక పిల్లలకు చెప్పకూడదని, అది పేదవాడి కోరికను పాపంగా చూపిస్తోందని ఒక వాదన లేచింది. సూటిగా అడుగుతున్నా. చాలినంత భూమి ఉంటే సైతానుకైనా భయపడనని కథలోని రైతు పాహోమ్ అంటాడు. పొయ్యి వెనక నక్కి అది విన్న సైతానుదా తప్పు, పాహోమ్‌దా?

విమర్శకుడు: సైతానును వదిలేయండి. రష్యాలో 1861లో రైతులను ప్రభువుల చెర నుంచి విడిపించారు. మరి భూమి? దానికి ఏళ్ల తరబడి వాయిదాలు కట్టించుకున్నారు! అలాంటి రైతు నాలుగు ఎకరాలు ఎక్కువ కోరితే దురాశా? చెబుతున్నది ఎవరు? ఒక జమీందారు! 1871లో సమారా ప్రాంతంలో ఆయనే ఎస్టేటు కొన్నాడు.

ఉపాధ్యాయురాలు: సార్, కోరడం తప్పని కథ ఎక్కడా అనలేదు. మొదట్లో పశువులు దొరసాని పొలంలో పడ్డాయని ఆమె మేనేజరు జరిమానాలు వేస్తే పాహోమ్ కుమిలిపోతాడు. తర్వాత తనే భూమి కొని...

విమర్శకుడు: ఎలా కొన్నాడో కూడా చెప్పండి! కొడుకును కూలికి పెట్టి, అప్పు చేసి!

ఉపాధ్యాయురాలు: చెప్పనివ్వండి. కొన్నాక పొరుగువాళ్ల పశువులు తన గట్టు దాటితే వాళ్లను కోర్టుకు లాగి జరిమానా వేయిస్తాడు. అతని పతనం అక్కడే మొదలైంది, చావు దగ్గర కాదు.

సమన్వయకర్త: అంటే అప్పటికే సైతాను పట్టేశాడంటారు?

ఉపాధ్యాయురాలు: సైతాను కాదండీ. తను పడ్డ బాధను...

విమర్శకుడు: మళ్లీ వ్యక్తి మీదికే! భూమి అందరికీ సరిపడా ఉంటే పక్కవాడితో తగాదా ఎందుకు వస్తుంది?

కథకుడు: వోల్గా నది దాటి వెళ్లాక సరిపడా దొరికింది కదండీ. అయినా ఆగలేదు. గడ్డిమైదానాల్లో ఉండే బష్కీర్ తెగవాళ్లు 1000 రూబుళ్లకు, ఒక్క రోజులో ఎంత చుట్టి వస్తే అంతా నీదే అన్నారు. సూర్యుడు మునిగేలోపు బయలుదేరిన చోటికి రాకపోతే డబ్బు పోయినట్టే. మంచి పల్లపు నేల కనిపించిందని ఇంకాస్త, ఇంకాస్త అంటూ దూరం పోయాడు. చివరికి పరుగున తిరిగొచ్చి అక్కడే కూలి చచ్చాడు. పూడ్చడానికి మూడు అర్షిన్ల నేల, అంటే మన లెక్కలో దాదాపు ఏడడుగులు, సరిపోయింది. ఆ పరుగు చదువుతుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

సమన్వయకర్త: కలలో బష్కీర్ల పెద్ద సైతానుగా మారతాడు, గుర్తుందా? అంటే హెచ్చరిక ముందే వచ్చింది!

కథకుడు: వచ్చింది, పట్టించుకోలేదు. నాకు నచ్చని సంగతి వేరే. మరో రష్యన్ రచయిత చెకోవ్ 1898లో ‘గూస్‌బెర్రీస్’ అనే కథలో దీనికి బదులిచ్చాడు. మూడు అర్షిన్ల నేల శవానికి కావాలి, మనిషికి భూగోళమంతా కావాలని అందులో ఒక పాత్ర...

విమర్శకుడు: అదీ మాట! నేను మొదటినుంచీ అంటున్నది అదే!

కథకుడు: కాదు సార్. ఆ పాత్ర అడిగింది ఎస్టేటు కాదు. సొంత తోట దక్కగానే తృప్తిపడిన తమ్ముణ్ణి చూసి...

విమర్శకుడు: భూగోళం కావాలన్నాడా లేదా?

ఉపాధ్యాయురాలు: జరిమానా సంగతికి ఎవరూ బదులు చెప్పలేదు.

సమన్వయకర్త: టైమ్ తక్కువుంది మేడమ్. ఒక్క మాటలో, సైతానా, పాహోమా?

ఉపాధ్యాయురాలు: పాహోమే. ఎందుకంటే...

విమర్శకుడు: వ్యవస్థ! ముమ్మాటికీ వ్యవస్థే! పిల్లలకు ముందు 1861 చెప్పి, ఆ తర్వాత ఈ కథ చెప్పండి!

సమన్వయకర్త: వ్యవస్థ వైపే చర్చ మొగ్గినట్టుంది. విరామం తర్వాత మరో అంశం.